ఒక బఫరు, రెండు ఇటుకలు

తుపాకులు బాగుచేయడం నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళు విస్తరి మీద నుంచి తలెత్తి, ఎవరినైనా కాల్చారా అని అడుగుతారు. లేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను కాల్చింది ఒక మట్టిగుట్టను. ఎప్పుడూ అదే గుట్టను. వాన పడితే అది కాస్త కుంగుతుంది, మళ్ళీ మట్టి పోయిస్తారు, మళ్ళీ కాలుస్తాను. మా మధ్య కక్షలేమీ లేవు.

తిరుపతిలో మా పోలీసు ఆయుధాల షెడ్డు రేకులది. లోపల ఒక బల్ల, గోడకు ఒక సర్టిఫికెట్, బల్ల మీద ఒక రిజిస్టరు. సర్టిఫికెట్ సంగతి తర్వాత. రిజిస్టరు సంగతి ముందే చెప్పాలి. కాల్పుల పరీక్షలో ఎవరి తుపాకి అయినా మొరాయిస్తే దాన్ని నా దగ్గరికి పంపుతారు. నేను చూసి రెండు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి. మొదటి గడి ‘ఆయుధ లోపం’. రెండోది ‘వ్యక్తి లోపం’. ఆయుధ లోపం అని పెడితే, ఆయుధాలు చూసుకునేవాడు ఏం చేస్తున్నాడని సంజాయిషీ అడుగుతారు. ఆయుధాలు చూసుకునేవాడిని నేనే. అందువల్ల మా షెడ్డులో ఆయుధాలు ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా ఉండేవి. మనుషులే లోపాలతో వచ్చేవారు.

కొన్నేళ్ళ కిందట మాకు కొత్త రకం రైఫిళ్ళు వచ్చాయి. వాటి పనితీరు చెప్పడం కష్టం కాదు. తూటా పేలగానే కొంత గ్యాసు, తూటా వెనక ఉండే బోల్టు అనే ఇనప ముక్కను వెనక్కి తోస్తుంది. బోల్టు వెనక్కి పోతూ ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది. భుజానికి ఆనించుకునే చోట లోపల ఒక గొట్టం, అందులో పొడవాటి స్ప్రింగు, స్ప్రింగు ముందు బొటనవేలంత లావున ఒక బరువు ఉంటాయి. ఆ బరువును బఫరు అంటారు. బోల్టు దాన్ని తోసుకుంటూ పోయి స్ప్రింగును నొక్కుతుంది. స్ప్రింగు దాన్ని తిరిగి ముందుకు తోస్తుంది. ఆ పోయేటప్పుడే బోల్టు మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను లాక్కుపోతుంది. ఇదంతా కన్ను ఆర్పేలోపు జరిగిపోవాలి.

బఫరు మరీ తేలికైతే బోల్టు దూకుడుగా పోయి వస్తుంది. భాగాలు అరిగిపోతాయి, భుజం కమిలిపోతుంది. మరీ బరువైతే బోల్టు సగం దూరం పోయి, ఇంక చాల్లే అనుకుని వెనుదిరుగుతుంది. ఖాళీ తొడుగు సగం లోపల సగం బయట ఇరుక్కుంటుంది, లేదంటే కొత్త తూటా అందదు. అప్పుడు మీట నొక్కితే పేలుడు వినపడదు. టిక్కుమంటుంది.

వచ్చిన కొత్తలో భుజాలు పోతున్నాయని అందరూ ఒకటే గోల. నేను వారం రోజులు కూర్చుని, విడిభాగాల పెట్టెలోని భారీ బఫర్లు తీసి అన్ని రైఫిళ్ళకూ వేశాను. స్ప్రింగులు కూడా కాస్త గట్టివి మార్చాను. దెబ్బ తగ్గింది. పెద్దసారు ఒక రోజు వచ్చి కాల్చి చూసి, “బాగుండాదయ్యా, దిండుకు ఆనుకున్నట్టుండాది” అన్నారు. నెల తిరక్కముందే నాకు ప్రశంసా సర్టిఫికెట్ వచ్చింది. గోడకు మేకు నేనే కొట్టుకున్నాను. ఫోటో తీసి మా ఆవిడకు పంపితే, ఇంటిపేరులో దీర్ఘం పోయిందని జవాబు పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. అయినా దీర్ఘం లేకుండానే దాన్ని రోజూ చూసుకునేవాణ్ణి.

ఆ మరుసటి ఏడాది ఒక అమ్మాయి వచ్చింది. చిత్తూరు పక్క పల్లె. వాళ్ళమ్మ మామిడి మండీలో కాయలు ఏరే పని చేస్తుంది. ఈమె కానిస్టేబులు, కానీ మూడేళ్ళుగా పని రికార్డు గదిలో, పాత ఫైళ్ళకు దారాలు కట్టడం. ప్రత్యేక దళంలో చేరాలని దరఖాస్తు పెట్టుకుంది. దానికి కాల్పుల పరీక్ష నెగ్గాలి. మూడు అవకాశాలు ఇస్తారు. మూడూ పోతే మళ్ళీ దారాలే, ఇంక జీవితంలో అడగడానికి లేదు.

మొదటి పరీక్షలో ఐదు తూటాలు పేలాయి, ఆరోది టిక్కుమంది. ఇరుక్కున్నదాన్ని తీసి మళ్ళీ మొదలుపెడితే మూడు పేలి నాలుగోది టిక్కు. సమయం అయిపోయింది. పరీక్ష పెట్టే రిజర్వు ఇన్‌స్పెక్టరు, మేమంతా ఆర్‌ఐ గారు అంటాం, తుపాకిని నా దగ్గరికి పంపాడు.

నేను దాన్ని మట్టిగుట్ట దగ్గరికి తీసుకుపోయి ముప్ఫై తూటాలు కాల్చాను. ముప్ఫై పేలాయి. ఖాళీ తొడుగులు నా బూటు పక్కనే కుప్పగా పడ్డాయి. అంతకు ముందు గజం దూరం ఎగిరి పడేవి. ఆ తేడా నా కంటికి ఆనింది. ఏరుకోవడానికి వంగి వెతికే పని తప్పిందని సంతోషించి ఊరుకున్నాను. అప్పటికి నా బరువు తొంభై రెండు కిలోలు.

ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. మనిషి ఎండు కొబ్బరాకులా ఉంటుంది.

“సార్, తుపాకి ఎట్లుండాది?”

“తుపాకికేం, రాయి మాదిరి ఉండాది. నీకే భుజం చాలదమ్మా. నువ్వు గట్టిగా ఆనించకపోతే తుపాకే ఎనక్కి పోతాది. లోపల బోల్టు పోవాల్సిన దూరం పోదు.”

నేను చెప్పింది అబద్ధం కాదు. అదే ఇబ్బంది. సగం నిజాన్ని పట్టుకుని రెండో గడిలో టిక్కు పెట్టాను. నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచి పేరు. ‘ఆయుధం సవ్యం. కాల్చినవారి భుజబలం చాలదు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

నెల తర్వాత రెండో పరీక్ష. ఈసారి ఏడో తూటా టిక్కుమంది. రిజిస్టర్లో మళ్ళీ అదే గడి, అవే అక్షరాలు. ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, నేను నాలుగు ఓదార్పు మాటలు చెప్పి పంపేసేవాణ్ణి.

“భుజం పెరగాలంటే ఏం జెయ్యాల సార్?” అని అడిగింది.

షెడ్డు వెనక గోడ కట్టగా మిగిలిన ఇటుకలు ఉన్నాయి. అందులో రెండు తీసి ఇచ్చాను. “సంచిలో ఏసుకోని భుజానికి తగిలించి పొద్దున్నే అలిపిరి మెట్లు ఎక్కు. నేను చాలనేదాకా ఎక్కు” అన్నాను. గురువులా అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఒక ఆడపిల్లకు దారి చూపించానని మా ఆవిడకు చెప్పుకున్నాను కూడా.

ఆమె ఎక్కింది. తెల్లవారక ముందే అలిపిరి చేరి, కొంత దూరం ఎక్కి దిగి, స్నానం చేసి తొమ్మిదికల్లా రికార్డు గదికి వచ్చేది. మొదటి రోజే అక్కడ సంచి తనిఖీ చేసేవాళ్ళు ఇటుకలు చూసి, ఏమ్మా ఇవి అని అడిగారట. భుజం కోసం అని చెప్పలేక మొక్కు అని చెప్పిందట. మొక్కు అంటే తిరుపతిలో ఎవరూ రెండో ప్రశ్న అడగరు. దండం పెట్టి వదిలారు.

కొండదారిలో సొంతిల్లు కావాలని మొక్కుకునేవాళ్ళు రాయి మీద రాయి పేర్చి పోతుంటారు. అందుకని ఇటుకలు మోసే మనిషిని చూసి అందరూ ఇంటి కోసమే అనుకున్నారు. ప్రతి మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ ఎక్కుతున్న ఒకావిడ, ఈమె ఇటుకలు బయట పెట్టి ఊపిరి తీసుకుంటుంటే వాటికీ పసుపు రాసి బొట్టు పెట్టేసిందట.

“ఎన్నాళ్ళు మొయ్యాల తల్లీ నీ మొక్కు?” అని అడిగిందట.

“తెలీదక్కా. సారు చాలనేదాకా.”

“ఏ సారు, స్వామోరా?”

“అంత కాదులే అక్కా.”

ఇదంతా ఆ అమ్మాయే ఒక రోజు షెడ్డుకు వచ్చి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. అంత కాదన్న మాట దగ్గర కొంచెం నొచ్చుకున్నాను.

మూడో పరీక్షకు పది రోజులు ఉందనగా నాయనను చూడటానికి నగరి పోయాను. నాయన మరమగ్గాలు బాగుచేసే మేస్త్రీ. యాభై ఏళ్ళు మగ్గాల మధ్య తిరిగి చెవులు వాటికే ఇచ్చేశాడు. మేం మాట్లాడుకుంటే వీధి చివర్లో వినపడుతుంది. భోజనం అయ్యాక ఊరికే కూర్చోలేక ఆ తుపాకి విషయం కదిపాను. ఆయుధాల సంగతులు బయట చెప్పకూడదని మాకు నిబంధన. అందువల్ల పేరెత్తకుండా, రహస్యంగా, గట్టిగా అరుస్తూ చెప్పాను.

“నాయనా, ఒక మిషనుండాది.”

“ఏం మిషను?”

“అది సెప్పకూడదు.”

“తుపాకా?”

“సెప్పకూడదు నాయనా.”

“సరే, తుపాకి గాదు. ఏమైంది దానికి?”

చెప్పాను. వెనక్కి పోయే ముక్క, దాన్ని ఆపే బరువు, తిరిగి తోసే స్ప్రింగు, నేను చేస్తే బాగా పనిచేయడం, ఆ పిల్ల చేస్తే ఆగిపోవడం, అంతా. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఇద్దరు కూడా శ్రద్ధగా విన్నారు. నాయన తాంబూలం నములుతూ అడిగాడు.

“ఖాళీది యాడ పడతాది?”

“కాలి కాడ.”

“ముందు యాడ పడతా ఉండె?”

“గజం దూరం.”

“అంటే నీకు గూడా సరిగ్గా పోలేదు. ఏదో ఈడ్సుకోని పోయింది.” ఇంకొంచెం నమిలాడు. “నువ్వు బరువు ఏసింది పోయినేడు గదా. అప్పటి నూలూ ఇప్పటి నూలూ ఒకటేనా?”

నూలు అంటే తూటాలని నాకు అర్థమైంది. “అది సెప్పకూడదు” అన్నాను.

“మారిందన్నమాట.”

మారింది. ఆ ఏడాది వచ్చిన తూటాలు కొంచెం మెత్తనివి, తోపు తక్కువ. పెట్టెలు దించుకుని సంతకం పెట్టింది నేనే. పాత తూటాల దూకుడుకు సరిపోయేలా వేసిన బరువు కొత్త తూటాలకు మోయలేనిది అయింది. ఈ రెండు ముక్కలూ నా బుర్రలోనే ఉన్నాయి, కానీ ఇన్నాళ్ళూ ఒకదాన్ని ఒకటి పలకరించుకోలేదు.

నాయన వదలలేదు. “సూడు అబ్బా. సిమెంటు నేల మీద మగ్గం కదలదు. దెబ్బంతా నూలు లాక్కుపొయ్యే నాడెకు పోతాది, నాడె ఈ కొస నుంచి ఆ కొసకు దాటుతాది. అదే మగ్గం మట్టినేల మీద పెడితే మగ్గమే ఊగతాది. సగం దెబ్బ అదే మింగేస్తాది, నాడె నడిమధ్యలో నిల్సిపోతాది. నువ్వు సిమెంటు నేల. ఆ పిల్ల మట్టినేల. ఇంతకీ ఆ పిల్లకు ఏం సెప్పినావు?”

ఇటుకల సంగతి చెప్పాను. ఈ ఒక్క మాటా మెల్లగా చెప్పాను. ఆయనకు ఇదే సరిగ్గా వినపడింది.

“స్ప్రింగు సడలించేది మాని, నేలను కట్టుకోమని ఇటుకలిచ్చినావా?” అన్నాడు. తిట్టలేదు. ఎదురింటి అరుగు వైపు తిరిగి, “మావాడు పెద్ద ఆఫీసరు” అన్నాడు.

తిరుగు బస్సులో పుత్తూరు దాటేదాకా నాకు కోపం, నాయన మీద. ఆ తర్వాత ఆ కోపం ఎవరి మీదో తేలిపోయింది. మర్నాడు షెడ్డు తలుపు వేసుకుని ఆ అమ్మాయి రైఫిలు విప్పాను. భారీ బఫరు తీసి మొదట వచ్చిన మామూలుది పెట్టాను, మామూలు స్ప్రింగు వేశాను. గుట్ట దగ్గర భుజానికి గట్టిగా ఆనించకుండా, కావాలనే వదులుగా పట్టుకుని కాల్చాను. ఒక్కటీ ఆగలేదు. తొడుగులు గజం అవతల పడ్డాయి. వంగి ఒక్కొక్కటే ఏరాను. తీసిన బఫరును అరచేతిలో పెట్టుకు చూశాను. పాతదానికీ దీనికీ తేడా గుప్పెడు శనగలంత కూడా లేదు.

ఎవరికీ చెప్పలేదు. మిగతా రైఫిళ్ళకు కూడా నెమ్మదిగా మార్చేద్దాం, అమ్మాయి నెగ్గుతుంది, సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, అందరం సుఖంగా ఉంటాం అనుకున్నాను. నా రిటైర్మెంటు రెండేళ్ళలో ఉంది. సంజాయిషీ అంటే భయం. ఆ వయసులో భయం సిగ్గు కంటే ముందు లేస్తుంది.

మూడో పరీక్షలో ఆమె ముప్ఫైకి ముప్ఫై కాల్చింది. టిక్కు అన్న మాటే లేదు. గురి కూడా బాగుంది. ముందు రెండుసార్లు ఆమె గురి ఎలాంటిదో చూసే అవకాశమే ఎవరికీ రాలేదు. నేను దూరంగా నిలబడి చేతులు దులుపుకున్నాను.

సాయంత్రం ఆర్‌ఐ గారు నా రిజిస్టరు తెప్పించుకుని తిరగేశాడు. “భుజం సాలదని నువ్వే రెండు తూర్లు రాసినావు గదప్పా. అట్లాంటి మనిషి మూడోసారి కొట్టిందంటే గాలివాటం. రేపు దళంలో నిజంగా అవసరమైనప్పుడు ఆగిపోతే? రెండు వ్యక్తి లోపాలు ఉండాయి. నేను లిస్టులో పెట్టేది లేదు.” ఆయన చెప్పిన దాంట్లో వంక పెట్టడానికి లేదు. నా చేతిరాతను నమ్మాడు. లిస్టు మర్నాడు పొద్దున పోతుంది.

నేను రిజిస్టరు తీసుకుని షెడ్డుకు తిరిగి వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో కొండ లడ్డు పొట్లం. లిస్టు సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

“తీసుకోండి సార్. మీ ఇటుకలే నన్ను గట్టెక్కించినాయి. మా యమ్మకు ఫోన్ జేసి సెప్పినాను, మా సారు భుజం పెంచినాడని.”

లడ్డు తీసుకున్నాను. పొట్లం బల్ల మీద పెట్టాను. యాభై రెండు రోజులు ఆ పిల్ల లేని లోపాన్ని భుజాన వేసుకుని కొండ ఎక్కింది. లోపం వేసినవాడికి లడ్డు తెచ్చింది. రేపు రికార్డు గదికి పోయి, తన భుజానికే ఇంకో రెండు ఇటుకలు తక్కువయ్యాయని ముసలిదయ్యేదాకా అనుకుంటుంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు అంతటిదని అంతకు ముందు నాకు తెలియదు.

“కూసోమ్మా” అన్నాను. కూర్చోలేదు. సొరుగులోంచి తీసేసిన బఫరు బల్ల మీద పెట్టాను. అది ఏమిటో, ఎవరు వేశారో, ఎందుకు వేశారో, తూటాలు ఎప్పుడు మారాయో, తొమ్మిది రోజుల కిందట దాన్ని ఎవరు తీశారో చెప్పాను. రిజిస్టరు తెరిచి ఆ రెండు పేజీల్లో రెండో గడి టిక్కులు కొట్టేశాను. మొదటి గడిలో పెట్టాను. కారణం దగ్గర ‘బరువైన బఫరు, గట్టి స్ప్రింగు. ప్రస్తుత తూటాలకు సరిపోవు. అమర్చినది, పరీక్షించి సవ్యమని రాసినది’ అని రాసి నా పేరు పెట్టాను, దీర్ఘంతో సహా. ఈసారి అక్షరాలు కోడి గీకినట్టు వచ్చాయి.

ఆమె వంగి రెండు పేజీలూ చదివింది. తొందరేమీ లేదన్నట్టు చదివింది.

“అయితే సార్, ఇంక మొయ్యాల్సిన పని లేదా?”

“ఎప్పుడూ లేదమ్మా.”

ఆమె నా ముఖం చూడలేదు. బఫరును చేతిలోకి తీసుకుని, బరువు చూసినట్టు రెండుసార్లు ఎగరేసి పట్టుకుని, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను రిజిస్టరు చంకన పెట్టుకుని ఆర్‌ఐ గారి గదికి పోయాను. ఆయన చదివి, నా వైపు చూసి, మళ్ళీ చదివి, “ఇది రాస్తే నీకేమైతాదో తెల్సునా అప్పా?” అన్నాడు. తెలుసన్నాను. లిస్టులో చివర ఒక పేరు రాశాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు, అది నాకు సంజాయిషీ.

మర్నాడు పొద్దున నేను తాళం తీసేసరికి షెడ్డు గుమ్మం ముందు రెండు ఇటుకలు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. అంచులు సంచి రాపిడికి నునుపెక్కాయి. పై ఇటుక మీద పసుపు, మధ్యలో బొట్టు. షెడ్డు వెనక పారేద్దామని రెండూ ఎత్తి భుజాన పెట్టుకున్నాను. పది అడుగులు వేశాక ఆగిపోయాను. నా తొంభై రెండు కిలోల భుజానికి అవి బరువుగానే ఉన్నాయి.